అమ్మాయితో కలిసి కాలేజీలు చూసొద్దాం: నల్గొండ నుంచి పాలమూరు దాకా

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచీ మన ఇళ్ళల్లో ఒకటే చర్చ. మంచి ర్యాంకు వచ్చిన పిల్లల సంగతి సరే, వాళ్ళ దారి వాళ్ళకుంది. చిక్కంతా మిగిలిన పిల్లలతోనే. "అప్పు చేసైనా బీటెక్‌లో చేర్పిద్దాం" అని నాన్న. "డిగ్రీ అయితే పెళ్ళయ్యాకైనా కట్టుకోవచ్చు" అని నానమ్మ. "మా ఆడపడుచు కూతురు ఫలానా చోట చేరింది" అని పక్కింటి పిన్నిగారు. ఇంతమంది మాట్లాడాక పిల్ల మెల్లిగా, "అమ్మా, నేను బీ.ఏ. చదువుతా" అందనుకోండి... అంతే! ఇల్లంతా ఒక్క నిమిషం గప్‌చుప్.

"బీ.ఏ. చదివి ఏం చేస్తావే?" అని అడగని ఇల్లు ఉండదు. మీరూ అడిగే ఉంటారు. అడగడంలో తప్పేం లేదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు సోఫాలో కూర్చుంటే దొరకదు. అందుకని నాదో సలహా. ఇంటర్ పరీక్షలు అయిపోగానే, ఫలితాల దాకా ఆగకుండా, రెండు రోజులు పిల్లని వెంటబెట్టుకుని బయలుదేరండి. గుడి చూడండి, డ్యామ్ చూడండి, దారిలో ఉన్న కాలేజీలూ చూడండి. నల్గొండ నుంచి పాలమూరు దాకా ఆ దారి ఎలా ఉంటుందో, ఏమేం చూడాలో, సీటుకి ఎలా దరఖాస్తు పెట్టాలో నేను చెప్తాను.

చార్జీల బెంగ కూడా పెట్టుకోకండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కదా! ఇక్కడి చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు చేతిలో పెడతారు.

చిన్న కాలేజీ, పెద్ద చదువు

బయలుదేరే ముందు ఓ చిన్న మాట. అమెరికాలో పిల్లని కాలేజీకి పంపాలంటే తల్లిదండ్రులు ముందు కారెక్కించుకుని నాలుగైదు కాలేజీలు చూపించి తీసుకొస్తారు. అక్కడ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలని చిన్న కాలేజీలు ఉన్నాయి. ఒక్కోదాంట్లో మొత్తం కలిపినా రెండు మూడు వేల మంది పిల్లలు ఉంటారు, అంతే. అక్కడే ఉంటారు, అక్కడే తింటారు. చేరిన రోజే "నువ్వు ఫలానా సబ్జెక్టు" అని ముద్ర వేయరు. చరిత్ర చదివే పిల్ల లెక్కలూ చదువుతుంది, కెమిస్ట్రీ చదివే పిల్ల కవిత్వమూ చదువుతుంది. ఏడాదో రెండేళ్ళో అన్నీ రుచి చూశాక, అసలు సబ్జెక్టు తనే ఎంచుకుంటుంది. ఆడపిల్లల కోసం 1837లో మొదలైన మౌంట్ హోల్యోక్, 1875లో తలుపులు తెరిచిన స్మిత్ కాలేజీ, రెండూ మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఈ కోవలోవే.

మన దేశంలోనూ ఈ పద్ధతి వచ్చింది. హర్యానాలో అశోకా యూనివర్సిటీ 2014లో, మన శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ 2018లో మొదలయ్యాయి. ఫీజులు మాత్రం లక్షల్లో ఉంటాయి. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఇంటి ఆదాయాన్ని చూసి ఫీజు తగ్గిస్తారు. మీ పిల్లకి ఇంగ్లీషు మీద కాస్త పట్టు ఉంటే అక్కడికి దరఖాస్తు పెట్టించండి, పోయేదేం లేదు.

మరి మిగిలినవాళ్ళ మాటేమిటి? అన్ని రకాల చదువులూ రుచి చూడటం, పేరు పెట్టి పిలిచే లెక్చరరు ఉండటం, నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్చుకోవడం... ఇవి నల్గొండలోనో పాలమూరులోనో దొరకవా? దొరుకుతాయి. కాకపోతే కొంత కాలేజీ ఇస్తుంది, కొంత ఆ నేల ఇస్తుంది, మిగిలింది మనం కల్పించాలి. పదండి మరి!

చౌటుప్పల్ దాటుతూ...

హైదరాబాదు నుంచి నల్గొండ సుమారు 100 కిలోమీటర్లు. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ వస్తుంది. ఆ చుట్టుపక్కల రెండు ఊళ్ళ పేర్లు పిల్లకి చెప్పండి. ఒకటి పోచంపల్లి. చీరల వల్ల మనందరికీ తెలుసు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానం మొదలైందీ అక్కడే, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నదీ అక్కడే.

రెండోది సర్వేల్. సంస్థాన్ నారాయణపూర్ దగ్గర చిన్న ఊరు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో రాష్ట్రంలో మొట్టమొదటి గురుకుల పాఠశాల ఈ ఊళ్ళోనే పెట్టారు. పల్లెటూరి పేదపిల్లల్ని ఎంపిక చేసి, అక్కడే ఉంచి, అన్నం పెట్టి, చదువు చెప్పే బడి! అయితే అది మగపిల్లల బడి. తర్వాత ఆయన కేంద్రంలో మంత్రిగా ఉన్నప్పుడు దేశమంతా నవోదయ విద్యాలయాలు వచ్చాయి. పాత నల్గొండ జిల్లాకి చలకుర్తిలో, పాత మహబూబ్‌నగర్ జిల్లాకి వట్టెంలో ఉన్నవి అవే. ఆడపిల్లల కోసం డిగ్రీ గురుకులాలు పెద్ద ఎత్తున తెరిచింది మాత్రం 2016లో. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ ఒక్కసారిగా 30 మహిళా డిగ్రీ కాలేజీలు పెట్టింది. ఈ రెండు పాత జిల్లాల్లోనూ అవి ఉన్నాయి. ఉండటం, తినటం, చదువు అన్నీ ఒకేచోట. చిన్న రెసిడెన్షియల్ కాలేజీ అంటే ఏమిటో చూడాలంటే అమెరికా దాకా వెళ్ళనక్కర్లేదన్నమాట!

అంతకుముందు మన అమ్మమ్మల కాలంలో చదువుకోవడం ఎంత యాతనో తెలుసా? హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు గారు 1928లో ఆడపిల్లలకి తెలుగు మీడియం బడి పెడితే, ఇక్కడ ఉర్దూ చదువులకే గుర్తింపు. దాంతో ఆ పిల్లల పరీక్షల కోసం ఎక్కడో పూనాలో ఉన్న కర్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. ఆలేరు ప్రాంతపు ఆరుట్ల కమలాదేవి గారు పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చి చదువుకున్నారు. 1952లో అదే ఆలేరు నుంచి శాసనసభకు గెలిచారు. "పెళ్ళయ్యాక చదువుకోవచ్చులే" అనే వాళ్ళకి ఈ ఉదాహరణ పనికొస్తుంది అనుకునేరు! లక్షల్లో ఒకరికి కుదిరింది. అందరికీ కుదురుతుందా?

నల్గొండలో మొదటి రోజు

నల్గొండ గుట్టల ఊరు. బస్టాండులో దిగగానే ఎటు చూసినా రాతిగుట్టే కనిపిస్తుంది. ఇక్కడ నాగార్జున ప్రభుత్వ కళాశాల 1956 నాటిది. ఆడపిల్లలకి విడిగా ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. 2007లో మహాత్మాగాంధీ యూనివర్సిటీ వచ్చింది. అంటే డిగ్రీ తర్వాత ఎం.ఏ.కి కూడా పిల్ల ఈ ఊళ్ళోనే ఉండి చదువుకోవచ్చు.

వీలైతే కాలేజీ నడుస్తున్న రోజున వెళ్ళండి. ఆదివారం వెళితే గేటు తప్ప ఏమీ కనిపించదు! లోపలికి వెళ్ళి, "మా అమ్మాయిని చేర్పిద్దామని వచ్చాం, ఒకసారి చూడొచ్చా?" అని అడగండి. మొహమాటపడకండి. పెళ్ళిచూపులకైతే ఇల్లూ వాకిలీ, నుయ్యీ గొయ్యీ అన్నీ చూస్తాం కదా! మూడేళ్ళు పిల్ల ఉండబోయే చోటు చూడొద్దూ?

కాలేజీ చూశాక ఆటో ఎక్కి పానగల్లు వెళ్ళండి. ఊరికి నాలుగు కిలోమీటర్ల లోపే. అక్కడ ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్ళున్న త్రికూటాలయం, కందూరు చోడుల కాలం నాటిది. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ నీడ కదలదు! సూర్యుడు కదులుతుంటే నీడ కదలకపోవడమేమిటి? మహిమ అనుకుని దండం పెట్టి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. సూర్యాపేటకి చెందిన ఒక ఫిజిక్సు అధ్యాపకుడు నమూనా గుడి చేసి మరీ పరిశీలించి, స్తంభాల అమరిక వల్ల, పక్కల నుంచి లోపలికి వచ్చే వెలుతురు వల్ల అలా జరుగుతోందని వివరించారు.

ఇప్పుడు చెప్పండి, ఈ గుడి ఏ సబ్జెక్టు? కట్టింది ఎవరని అడిగితే చరిత్ర. నీడ ఎందుకు కదలదంటే ఫిజిక్సు. గోడ మీద శాసనం చదవాలంటే తెలుగు, సంస్కృతం. కందూరు చోడుల పేరు ఎక్కడిదంటే పాలమూరు జిల్లాలోని కందూరు. అంటే మనం బయలుదేరిన రెండు జిల్లాలూ ఒకప్పుడు ఒకే ఏలుబడిలో ఉండేవి! ఒక్క గుడి ముందు నిలబడితే ఇన్ని చదువులు. లిబరల్ ఆర్ట్స్ అని వాళ్ళు లక్షలు తీసుకుని నేర్పేది ఈ చూపునే.

ఆ గుడి మెట్ల మీద ఇద్దరు డిగ్రీ పిల్లలు కనిపిస్తే మాట కలిపాను. ఒకమ్మాయి అంది: "మా ఊర్ల ఇంటర్ అయినంక ఆడివిల్లలు చదువుడే తక్కువ మేడం. మా నాయిన సంబంధాలు చూస్తుండె. మా తెలుగు మేడం ఇంటికొచ్చి చెప్పింది. ఫైనలియర్ దాంక ఆగుతనన్నడు." పెద్ద కాలేజీలో అయితే ఆ పిల్ల రావడం మానేస్తే ఎవరికి తెలుస్తుంది? చిన్న కాలేజీ కాబట్టి ఆ మేడంకి తెలిసింది, ఇంటిదాకా వచ్చింది. మీరు కాలేజీలో వెతకాల్సింది అలాంటి మేడం ఉన్నారా అని. భవనం ఎన్ని అంతస్తులని కాదు.

నల్గొండ వదిలే ముందు నీళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ జిల్లా ఫ్లోరైడ్ బాధ దేశమంతా తెలుసు. మునుగోడు, మర్రిగూడ వైపు ఎముకలు వంగిపోయిన మనుషులు ఎందరో. ఆ ఊళ్ళకి పిల్లనివ్వడానికే వెనకాడేవాళ్ళు. ఆ నీళ్ళని బాగుచేయడానికి 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ ఓ పద్ధతి కనిపెట్టింది. దాని పేరే నల్గొండ టెక్నిక్! వాడేవి ఏమిటో తెలుసా? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. మన వంటింట్లో, పెరట్లో ఉండే సరుకులే. నల్గొండ పేరు పరాయి దేశాల పుస్తకాల్లో కూడా ఎక్కింది ఆ పద్ధతి వల్లే. మీ పిల్ల బీ.ఏ. చదివినా బీ.ఎస్సీ. చదివినా, ఇది ఆమె పాఠమే.

సాగర్ ఒడ్డున ఆడవాళ్ళు కట్టించిన చదువు

నల్గొండ నుంచి హాలియా, పెద్దవూర మీదుగా నాగార్జునసాగర్. నెహ్రూ గారు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఇంత పెద్ద ఆనకట్టని రాతితో కట్టారు. ఆ రాళ్ళు మోసిన తట్టల్లో ఆడవాళ్ళ తట్టలూ ఉన్నాయి.

డ్యామ్ చూసి తిరిగి వచ్చేయకండి. ఆ నీళ్ళ కింద ఒక పట్నం మునిగి ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. నీళ్ళు నిండకముందే తవ్వి తీసిన కట్టడాల్ని కొండ మీదికి, అనుపు ఒడ్డుకి తరలించి మళ్ళీ నిలబెట్టారు. లాంచీలో కొండకి వెళ్ళి మ్యూజియం చూడండి. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి.

అక్కడ మన ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. విజయపురిలో బౌద్ధ భిక్షువులు ఉంటూ చదువుకునే విహారాలు ఎన్నో ఉండేవి. ఒక విధంగా అవి ఆనాటి రెసిడెన్షియల్ కాలేజీలు. వాటికి డబ్బు పెట్టింది ఎవరనుకున్నారు? ఎక్కువగా స్త్రీలే! రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి దానం చేసింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె రాజవంశపు ఆడపడుచు కాదు, మామూలు గృహస్థు ఇంటి స్త్రీ. ఆమె చేసిన దానాల జాబితా శాసనంలో ఇప్పటికీ ఉంది. పదిహేడు వందల ఏళ్ళ క్రితం ఒక ఇల్లాలు పరాయి దేశపు పంతుళ్ళకి వసతి కట్టించిన నేల మీద, ఇవాళ మన కూతురి హాస్టలు ఖర్చుకి లెక్కలు వేసుకుంటున్నాం. అలా అనుకుంటే మనసు కాస్త ధైర్యం తెచ్చుకుంటుంది.

దేవరకొండ దారి

రెండో రోజు జడ్చర్ల-కోదాడ రోడ్డు పట్టుకుంటే దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పాలమూరు వైపు వెళ్తాం. ఎర్రమట్టి, బండరాళ్ళు, పత్తిచేలు, ఆముదం. దారి పొడుగునా లంబాడా తండాలు. 1999లోనూ 2001లోనూ ఈ దేవరకొండ తండాల్లో పేదరికం వల్ల ఆడశిశువుల్ని అమ్ముకున్నారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళం మనం. ఇప్పుడు దేవరకొండలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. గిరిజన సంక్షేమ గురుకుల సంస్థ కూడా రాష్ట్రంలో ఆడపిల్లలకి డిగ్రీ కాలేజీలు నడుపుతోంది. తల్లి వేలిముద్ర వేస్తుంది, కూతురు సెమిస్టరు పరీక్ష రాస్తుంది. ఈ మార్పు ఒక్క తరంలో వచ్చింది. నిలబడుతుందా, వెనక్కి పోతుందా అన్నది మనలాంటి ఇళ్ళల్లో తీసుకునే నిర్ణయాల మీదే ఉంది.

కల్వకుర్తి దాటాక దక్షిణాన నల్లమల. 1940ల్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు, భార్య బెట్టీతో కలిసి వచ్చి చెంచుల మధ్య తిరిగి, వాళ్ళ జీవితం మీద 1943లో పెద్ద పుస్తకం వేశారు. ఎక్కడి ఆస్ట్రియా, ఎక్కడి అమ్రాబాదు! మన ఇంటి పక్క అడవి గురించి చదవడానికి వాళ్ళు అంత దూరం నుంచి వచ్చారు. మన పిల్ల సోషియాలజీ తీసుకుంటానంటే "అదేం సబ్జెక్టు?" అంటాం!

జడ్చర్ల, పాలమూరు

జడ్చర్ల హైదరాబాదు-బెంగళూరు హైవే మీది ఊరు. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు గారి పేరు పెట్టారు. ఈ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. అధ్యాపకులు, విద్యార్థులు కలిసి వందల రకాల మొక్కలు పెంచారు. ఒక మామూలు ప్రభుత్వ కాలేజీ తలుచుకుంటే ఎంత చేయగలదో చూడటానికైనా ఆగండి. మీది బీ.ఏ. పిల్లే కావచ్చు, పేరు తెలియని చెట్టు ముందు ఓ పది నిమిషాలు నిలబడనివ్వండి.

అక్కడి నుంచి మహబూబ్‌నగర్ ఎంతో దూరం లేదు. ఎం.వి.ఎస్. ప్రభుత్వ కాలేజీ, ఎన్.టి.ఆర్. ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ, 2008లో వచ్చిన పాలమూరు యూనివర్సిటీ అన్నీ ఇక్కడే. ఊరి బయట పిల్లలమర్రి. వందల ఏళ్ళ వయసున్న ఆ మర్రికి చెదలు పడితే, 2018లో కొమ్మలకి సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించి బతికించారు. మనిషికి చేసినట్టే చెట్టుకీ సేవ చేశారు!

పాలమూరు అంటే వలసలు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు కూలీలు ఉండేవాళ్ళని చెప్పుకుంటారు. అమ్మానాన్నలు మేస్త్రీ వెంట వెళితే, పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోయేవాళ్ళు, లేదా పనిచోటుకే వెళ్ళేవాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లా ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు సగం మంది కూడా లేరు. అందుకే ఇక్కడ డిగ్రీ కాలేజీ గేటులోంచి బయటికి వచ్చే ఆడపిల్లల గుంపుని చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ గుంపులో చాలామంది తమ ఇంట్లో మొదటి డిగ్రీ పిల్లలు.

ఇక దరఖాస్తు సంగతి

చూసి వచ్చాక చేయాల్సిన పని ఇది. తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఇస్తున్నారు. ఒకే దరఖాస్తు, ఎన్ని కాలేజీలైనా కోరుకోవచ్చు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ రుసుము 200 రూపాయలు. ఆధార్‌తో కలిపిన ఫోన్ నంబరు తప్పనిసరి, కాబట్టి ముందుగానే సరిచూసుకోండి. తర్వాత వెబ్ ఆప్షన్లు. ఏ కాలేజీ, ఏ కోర్సు ముందు కావాలో వరుసలో పెట్టాలి. సీటు వచ్చాక ఆన్‌లైన్లో ఒప్పుకుని, చెప్పిన తేదీలోగా సర్టిఫికెట్లతో కాలేజీకి వెళ్ళాలి. మొదటి విడతలో నచ్చింది రాకపోతే తర్వాతి విడతలు ఉంటాయి. కంగారుపడకండి.

గురుకుల డిగ్రీ కాలేజీలకి విడిగా నోటిఫికేషన్ వస్తుంది. వాటిలో ఎక్కువ సీట్లు ఎవరికోసం పెట్టారో ఆ వర్గాల పిల్లలకే, కొన్ని ఇతరులకీ ఉంటాయి. తేదీలు ఏటా మారతాయి, పేపరు చూస్తూ ఉండండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసుకోండి. స్కాలర్‌షిప్పుకీ అవే కావాలి.

ఒక హెచ్చరిక. కొన్ని చోట్ల ప్రైవేటు కాలేజీల మనుషులు ఇంటికే వచ్చి, "మీకెందుకమ్మా శ్రమ, దరఖాస్తు మేమే పెడతాం" అంటారు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడుగుతారు. చెప్పకండి! ఆ నంబరు చెప్పిన నిమిషంలో మీ పిల్ల మూడేళ్ళ చదువు వాళ్ళు ఎంచినట్టవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా సీటు ఖాయం కాకముందు ఎవరి చేతికీ ఇవ్వకండి.

సబ్జెక్టుల సంగతి కూడా తెలుసుకోండి. బీ.ఏ. అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్సు మాత్రమే కాదిప్పుడు. 2020లో సబ్జెక్టుల్ని బుట్టలుగా పెట్టి ఒక్కో బుట్టలోంచి ఒక్కోటి ఎంచుకునే వీలు కల్పించారు. ఎకనామిక్సుతో కంప్యూటరు కలుపుకోవచ్చు. అయితే ఆ కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పే మనిషి ఉన్నారో లేరో కాలేజీలోనే అడిగి తెలుసుకోవాలి. అందుకే చూసి రమ్మంటున్నాను.

కాలేజీలో ఏం చూడాలి?

లైబ్రరీ తాళం తీసి ఉందా, వేసి ఉందా? బల్లల మీద దుమ్ము చెప్పేస్తుంది.

ఆడపిల్లల టాయిలెట్లలో నీళ్ళు వస్తున్నాయా? ఈ ఒక్క కారణంతో నెలలో నాలుగు రోజులు మానేసే పిల్లలున్నారు.

రెగ్యులర్ లెక్చరర్లు ఎందరు, గెస్టు లెక్చరర్లు ఎందరు? గెస్టులైతే తప్పని కాదు. నవంబరులో ఉంటారా అన్నది ముఖ్యం.

సాయంత్రం చివరి క్లాసు అయ్యాక మీ ఊరికి బస్సు ఉందా?

అక్కడి పిల్లల్ని అడగండి. ప్రిన్సిపాలు గారు చెప్పని సంగతులు వాళ్ళు చెబుతారు.

హాస్టలు డబ్బా

హాస్టల్లో చేర్పిస్తే బకెట్టు, మగ్గు, దుప్పటి, మంచి తాళం మర్చిపోకండి. తినడానికి నువ్వుల ముద్దలు, పల్లీ పట్టీ నెల రోజులు నిలవుంటాయి. అవిసె గింజల కారం అయితే మెస్సు పప్పుని కూడా రుచిగా చేస్తుంది. ఒక కప్పు అవిసె గింజలు చిటపటలాడేదాకా నూనె లేకుండా వేయించుకోండి. ఎనిమిది ఎండుమిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర, కాస్త చింతపండు విడిగా వేయించి, చల్లారాక ఉప్పు, ఆరు వెల్లుల్లి రెబ్బలతో కలిపి బరకగా పొడి కొట్టండి. సీసా తడి లేకుండా ఉండాలి, అంతే. పక్క మంచం పిల్లకి కూడా పెట్టమని చెప్పండి. స్నేహం అక్కడే మొదలవుతుంది!

ఇంతకీ బీ.ఏ. చదివి ఏం చేస్తుంది? టీచరు కావచ్చు, గ్రూపు పరీక్షలు రాయొచ్చు, లా చదవొచ్చు, ఏదో ఆఫీసులో చేరొచ్చు. ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. అప్పు చేసి చదివించిన బీటెక్కుకీ ఎవరూ ఖాయం చెప్పరు కదా! కానీ మూడేళ్ళు తనకి నచ్చింది చదివిన పిల్ల, పానగల్లు నీడ ముందు "ఎందుకిలా?" అని అడగడం నేర్చుకున్న పిల్ల, రేపు తన జీవితం గురించి కూడా అలాగే అడుగుతుంది. పెళ్ళి మాట వచ్చినప్పుడు తన మాట తను చెప్పగలుగుతుంది. మన తరంలో ఎందరికి ఆ నోరు వచ్చింది, మీరే చెప్పండి?

పాలమూరు బస్టాండులో తిరుగు బస్సు ఎక్కాక పిల్లని ఒక్కటే అడగండి, "ఏ కాలేజీ నచ్చింది నీకు?" అని. వెంటనే జవాబు చెప్పకపోతే షాద్‌నగర్ వచ్చేదాకా ఆగండి, తొందరపెట్టకండి. చెప్పాక ఆ పేరుని దోస్త్‌లో మొదటి ఆప్షనుగా, ఆమె వేలితోనే నొక్కనివ్వండి. మీరు పక్కన కూర్చుంటే చాలు.